తీగ లేని పగ్గము

ఎద్దుల బండి తోలువాని చేతిలో పగ్గముండును. అది తెగిన క్షణముననే తెగినదని వాని వ్రేళ్లకు తెలియును. ఈ చిన్న సంగతిని చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెనని కోరుచున్నాము. ఏలయనగా కర్నూలు, కడప సీమలలో ఇప్పుడు పగ్గము లేకయే నడచు యంత్రములు పొలములోనికిని, కర్మాగారములోనికిని, బడిలోనికిని వచ్చి చేరినవి. బోరు మోటారును సెల్‌ఫోనుతో వేయుచున్నారు. మిరప, కంది, ప్రత్తి చేలపై డ్రోనుతో మందు చల్లుచున్నారు. పెద్ద రాతి దిమ్మెలను ఎత్తు క్రేనును, నడుమునకు కట్టుకొన్న చిన్న పెట్టెలోని మీటలతో దూరమునుండి నడుపు పద్ధతియు కలదు. మన పిల్లలు అట్టపెట్టెకు నాలుగు చక్రములు తగిలించి, ఫోనుతో నడుపు బండిని చేసి విజ్ఞాన ప్రదర్శనమునకు తెచ్చుచున్నారు. వీటన్నిటికిని పగ్గము రేడియో తరంగమే. అది తెగినపుడు నడుపువాని వ్రేళ్లకు ఏమియు తెలియదు. ముందుగా నేర్పియుండనిచో యంత్రమునకును తెలియదు.

రోబోటు అనగానే మనుష్యాకారము గల ఇనుప బొమ్మ మన కన్నులకు కట్టును. శాస్త్రమున అట్టి నియమమేమియు లేదు. ఆజ్ఞను గ్రహించి, దానిని కొంతవరకు తానే వివరించుకొని, తన మోటారులతో నెరవేర్చునది యేదైనను ఆ కుటుంబములోనిదే. చేయి గలది కొన్ని, రెక్కలు గలవి కొన్ని, చక్రములు గలవి కొన్ని. ఇట్టి యంత్రమును కొనువారు సాధారణముగా అడుగునది, “ఎంత దూరము పని చేయును?” అని. మా తలంపున ఆ ప్రశ్న రెండవది. ఆజ్ఞ అందనపుడు ఇది యేమి చేయును? మొదట అడుగవలసినది ఇది.

ఈ విద్య మనము తలచునంత క్రొత్తది కాదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఒక నీటి తొట్టియందు చిన్న ఇనుప పడవను వదలి, తాను దూరముగా నిలిచి, తీగ యేమియు లేకయే దానిని ఇటునటు త్రిప్పి చూపెను. చూచినవారిలో కొందరు దానిని మంత్రమని తలచిరట. ఆ యేడు నవంబరు 8వ తేదీన ఆయనకు 613809 సంఖ్య గల పేటెంటు లభించినది. ఆ పడవ తొట్టిలో నుండెను గనుక పరవాలేదు. దారి తప్పినను తొట్టి గోడకు కొట్టుకొని నిలుచును. మన యంత్రములకు తొట్టి లేదు.

ఇక మన యింటి సంగతికి వత్తము. బోరు బావుల స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ము కార్డు నుంచి, ఫోను చేసిన మోటారు తిరుగునట్లు అమర్చుట రాయలసీమ రైతునకు గొప్ప ఉపకారము. త్రీఫేజు కరెంటు వచ్చు వేళలు మారుచుండును. అర్ధరాత్రి లేచి, తేళ్లకును పాములకును వెఱచుచు, దీపము పట్టుకొని మైలు దూరము నడచి మోటారు వేయు కష్టము దీనివలన తప్పినది. ఆ కష్టమును ఎఱిగిన తండ్రులు ఈ పత్రికను చదువువారిలో పెక్కుమంది యున్నారు. కావున మేము ఈ సాధనమును నిందింపము.

అయినను దీనియందు మూడు చిక్కులున్నవి. మొదటిది, వేయువానికి బావి కనబడదు. తమ్ముడు బోరు చెంత కూర్చుండి కేబులు అతుకును విప్పి సవరించుచుండగా, ఆ సంగతి యెఱుగని అన్న ప్రొద్దుటూరు బజారులో నిలిచి ఫోను నొక్కవచ్చును. పూర్వము మోటారు వేయుటకు పెట్టె దగ్గఱకు రావలసియుండెను గనుక, వచ్చినవాడు, “ఏమప్పా, ఏమి చేయుచున్నావు?” అని అడుగకుండునా? ఆ పలకరింపే ఆ రోజులలో రక్షణ. తీగను తీసివేసినపుడు దానితోడ ఆ పలకరింపును కూడ తీసివేసితిమి. రెండవ చిక్కు ఆలస్యము. ఎస్సెమ్మెస్ అను సందేశము నేరుగా పోదు. నడుమ కేంద్రమున నిలువ యుండి, దారి దొరకినపుడు పోవును. టవరు పని చేయని వేళ పంపిన “మోటారు వేయుము” అను ఆజ్ఞ, గంట తరువాత, పంపినవాడు మఱచిపోయిన పిమ్మట, పెట్టెకు చేరవచ్చును. మంచి పెట్టెలు సందేశము పుట్టిన వేళను చూచి, పాతదైనచో త్రోసివేయును. అన్ని పెట్టెలు మంచివి కావు. మూడవది, పెట్టె ఏ యే నంబర్ల మాట వినునో యింటివారికే జ్ఞాపకముండకపోవుట. పొలము కౌలుకిచ్చి మూడేండ్లయినను పాత నంబరు అందులోనే యుండును.

ఈ మూడింటికిని మందు ఒక్కటే, అది రేడియోకు సంబంధించినది కాదు. బోరు మీద చేయి వేయువాడు ముందుగా మెయిను ఆపి, ఫ్యూజు కట్టలను ఊడబెఱికి తన జేబులో వేసికొనవలెను. టెస్టరుతో మూడు ఫేజులను చూడవలెను. “ఆటో” మీటను “మాన్యువల్”కు త్రిప్పుట చాలదు. దానిని మఱియొకడు వచ్చి మఱల త్రిప్పవచ్చును. జేబులోని ఫ్యూజును ప్రొద్దుటూరునుండి ఎవ్వడును పెట్టజాలడు. ఒంటి పట్టాల రైలు మార్గములపై పూర్వము ఇట్టి యేర్పాటే యుండెను. రెండు స్టేషన్లయందలి నీల్ పెట్టెలు ఒకదానితోనొకటి ముడిపడి యుండును. ఒక ఉక్కు బంతి బయటికి వచ్చిన పిమ్మట రెండవది రాదు. ఆ బంతి చేతికందనిది డ్రైవరు బండిని కదల్చడు. ఎవరి ప్రాణము పణమో వారి చేతిలోనే అధికారముండుట ఆ యేర్పాటులోని రహస్యము.

ఇప్పుడు మౌనమును గుఱించి. రేడియో యంత్రమునకు ఆజ్ఞ యేల అందకపోవును? కారణములు పెక్కులు. పంపు పెట్టెలోని బ్యాటరీ తఱుగును. నడుమ ఇనుప గోడయో, తడి మన్ను గట్టో, రాతి గుట్టయో అడ్డు వచ్చును. ఇంటి వైఫైకిని, బ్లూటూతునకును, పెక్కు డ్రోన్లకును ఆధారమైన 2.4 గిగాహెర్ట్జు తరంగము నిడివి సుమారు పండ్రెండున్నర సెంటీమీటర్లు. దానిని నీరు బాగుగ పీల్చును. మనుష్య శరీరము చాలవఱకు నీరే. కావున పెట్టెను కడుపునకు ఆనించుకొని, యంత్రమునకు వీపు చూపి నిలుచుటయే కొన్ని వేళల చాలును! తిరునాళ్లలో వేల ఫోనులు చేరినచోట ఆ తరంగములలో సంత గోల వంటి గోల యేర్పడును.

ఈ మౌనమును యంత్రము కనిపెట్టునట్లు చేయుట యెట్లు? పని లేకున్నను పంపు పెట్టె, “నేనున్నాను, నేనున్నాను” అని సెకనునకు పలుమార్లు పలుకుచుండవలెను. దీనిని నాడి వంటిదిగా భావింపవచ్చును. యంత్రములోని చిన్న గడియారము ఆ నాడిని లెక్కించుచు, నియమించిన కాలములోపల అది వినబడనిచో మోటారులను ఆపివేయవలెను. ఆ కాలమెంత? లెక్క కట్టి చూడుడు. సెకనునకు ఒక మీటరు నడచు బొమ్మ బండి అర సెకను వేచినచో అర మీటరు పోవును; బల్ల అంచునకు అంత దూరముండవలెను. సెకనునకు ఐదు మీటర్లు పోవు యంత్రము రెండు సెకనులు వేచినచో పది మీటర్లు పోవును. పది మీటర్లలో ఎంతమంది పిల్లలు నిలువవచ్చునో మన బడి వరండాలో కొలిచి చూడవచ్చును. కాలము మిక్కిలి తక్కువైనచో యంత్రము క్షణక్షణము ఆగి పని సాగదు. అప్పుడు విసిగిన పనివాడు ఆ రక్షణనే తీసివేయును. ఈ విసుగు వలననే మంచి రక్షణలు పెక్కు చెడినవని మా అభిప్రాయము.

మఱియొక నియమము: నాడి మఱల వినబడినంతమాత్రమున యంత్రము తనంతట తాను కదలరాదు. ఆగినదేమని చూచుటకు చేయి లోపల పెట్టిన మనుష్యుడు అప్పుడే అక్కడ నుండును. నడుపువాడు బుద్ధిపూర్వకముగా క్రొత్తగా మొదలు పెట్టు మీటను నొక్కవలెను.

ఆగుట యనునది అన్ని యంత్రములకు ఒకే అర్థము గలది కాదు. చక్రముల బండికి మోటారు ఆపిన చాలును. రాతి దిమ్మెను ఎత్తిన క్రేనునకు కరెంటు ఆపిన మాత్రమున దిమ్మె క్రిందికి రారాదు. అందుకై దాని బ్రేకును తలక్రిందుగా అమర్తురు. బిగించునది స్ప్రింగు, విడిపించునది కరెంటు. కరెంటు పోయిన స్ప్రింగు తానే బిగించును. అయస్కాంతముతో ఇనుము నెత్తు క్రేనునకు కరెంటు పోయినచో పట్టు వదలి సరకు పడును గనుక, అక్కడ ప్రత్యేకమైన బ్యాటరీ నుంచుట ఆచారము. ఇక డ్రోనుసంగతి వేఱు. ఆకాశమున మోటారు ఆపుట యనగా పడుటయే. కావున సిగ్నలు పోయినపుడు బయలుదేఱిన చోటికి తానే తిరిగి వచ్చునట్లు దానికి నేర్పియుందురు. ఇది చక్కని యేర్పాటే, కాని అది ముందుగా నియమించిన ఎత్తునకు లేచి, నేరుగా వచ్చును. ఆ ఎత్తు పది మీటర్లని యుంచి, దారిలో పదునైదు మీటర్ల చింతచెట్టున్నచో ఏమగును? పొలము మధ్యనుండి పోవు కరెంటు తీగ సన్ననిది. దానిని చూడగల కన్ను పెక్కు డ్రోన్లకు లేదు. బయలుదేఱిన చోటు బండ్లబాట యైనచో, నడుపువాడు గట్టు మీదికి మాఱినను, అది బాట మీదికే వచ్చి దిగును.

నడుపువాని చేతిని గుఱించియు శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. కర్మాగారములలో రోబోటునకు పని నేర్పునపుడు చేతిలో పట్టుకొను పెట్టెకు మూడు స్థితులు గల మీట యొకటి యుండును. మెల్లగా పట్టుకొన్నంతసేపే యంత్రము కదలును. విడిచినను ఆగును, గట్టిగా బిగించినను ఆగును. భయపడిన చేయి కొందరికి విడిచివేయును, కొందరికి బిగిసికొనును. రెంటికిని ఆగవలెనని దాని భావము. ఎంత చిన్న సంగతి, ఎంత చక్కని ఆలోచన! ఇది గాక, పసుపు పచ్చని భూమికపై పుట్టగొడుగు వంటి ఎఱ్ఱని మీట యంత్రము మీదనే, తీగతోడనే, అమర్చియుండవలెను. రేడియో పెట్టె మీద ఎఱ్ఱ మీట యున్నను అది దీనికి తోడే గాని బదులు కాదు. ఒక షెడ్డులో ఒకే రూపము గల పెట్టెలు నాలుగున్నచో, ఆపదలో చేతికందిన పెట్టె యే యంత్రమునకు చెందినదో తెలియదు. బ్యాటరీ లేక మూలబడిన పెట్టె మీది ఎఱ్ఱ మీటను ఎంత గట్టిగా కొట్టినను ఏమియు ఆగదు. ఆ మీట అసలే లేకుండుట దానికంటె మేలు, ఏలయనగా అపుడు మనుష్యుడు దానిని నమ్మి అక్కడ నిలువడు.

ఇక పరుల ఆజ్ఞ. 2.4 గిగాహెర్ట్జు పట్టీని మనదేశమున తక్కువ శక్తి గల సాధనములకు లైసెన్సు లేకయే వాడుకొననిచ్చుచున్నారు. ఊరి బావి వంటిది. ఎవరు పడితే వారు చేద వేయుదురు. బడులలో వాడు హెచ్‌సీ-05 అను బ్లూటూతు ముక్కకు కర్మాగారమునుండి వచ్చునపుడు సాధారణముగా 1234 అనునదే రహస్య సంఖ్య. ఒకే గదిలో పది బండ్లు, పది ఫోనులు, అన్నిటికి 1234. ఒకని ఫోనునకు మఱియొకని బండి కదలుట మేము చూచియున్నాము; పిల్లలు నవ్విరి. అది అరకిలో అట్ట బండి గనుక నవ్వుటకు వీలైనది.

2008వ సంవత్సరము జనవరిలో పోలండు దేశపు ఊడ్జ్ నగరమున పదునాలుగేండ్ల బాలుడొకడు టెలివిజను రిమోటును మార్చి, ట్రాముల పట్టాలను మార్చు యంత్రములకు ఆజ్ఞలు పంపెను. నాలుగు ట్రాములు పట్టాలు తప్పెను, పండ్రెండుగురు గాయపడిరి. ఆ బాలుడు తెలివిగలవాడే. తప్పు వానిది, కాని వచ్చిన ఆజ్ఞ ఎవరిదని అడుగని యంత్రము తప్పు దానికంటె తక్కువ కాదు. 2000వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశమునందలి మరూచీ ప్రాంతమున, పని మానిన ఒక సాంకేతికుడు రేడియో సాధనముతో మురుగునీటి పంపులకు దొంగ ఆజ్ఞలు పంపగా, సుమారు ఎనిమిది లక్షల లీటర్ల మురుగు తోటలలోను ఏళ్లలోను పాఱినది. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో అను సంస్థ క్రేనులను నడుపు రేడియో పెట్టెలను పరిశీలించి, కొన్నిటియందు ఒకమారు పంపిన ఆజ్ఞను గాలిలోనుండి పట్టుకొని మఱల పంపినచో యంత్రము దానిని నిజమైనదిగానే స్వీకరించుచున్నదని ప్రకటించినది. దీనికి విరుగుడు కలదు. ప్రతి ఆజ్ఞకును మాఱు సంఖ్యను చేర్చి, వాడిన సంఖ్యను మఱల అంగీకరింపకుండుట. వాడిన రైలు టిక్కెట్టును చింపివేయుట వంటిది.

రేడియో పగ్గమును కావలెనని తెంపువారును ఉన్నారు, ఒక్కొక్కప్పుడు న్యాయముగనే. శత్రువుల డ్రోన్లను ఆపుటకు వాని రేడియోను గోలతో ముంచుట ఒక పద్ధతి. ఇది చాలనిచోట్ల వేఱు ఆయుధములు కావలసివచ్చును. మన కర్నూలునందలి పరీక్షా క్షేత్రముననే 2025 ఏప్రిల్ 13వ తేదీన రక్షణ పరిశోధన సంస్థవారు వాహనముపై నమర్చిన లేజరు కాంతితో మానవరహిత విమానమును, డ్రోన్ల గుంపును పాడుచేసి చూపిరి. బాంబులను ఏఱివేయు రోబోటులవారికి దీనివలన ఒక విచిత్రమైన ఇరకాటము గలదు. దూరమునుండి రేడియోతో బాంబును పేల్చకుండుటకై ఆ చోట రేడియో నంతటిని ముంచివేసినచో, తమ రోబోటునకు పోవు ఆజ్ఞయు మునుగును. అందువలననే అట్టి రోబోటులు కొన్నిటికి వెనుక సన్నని తీగ చుట్టయు నుందురు.

తీగను వెక్కిరింపరాదని చెప్పు ఉదాహరణము మనకు మిక్కిలి సమీపముననే కలదు. శ్రీశైలమునకు కృష్ణకు ఆవలి ప్రక్క, నల్లమలలో దోమలపెంట వద్ద మొదలగు ఎస్.ఎల్.బి.సి. సొరంగమున, లోపల సుమారు పదునాలుగు కిలోమీటర్ల దూరమున 2025 ఫిబ్రవరి 22వ తేదీన పైకప్పు కూలి ఎనిమిదిమంది పనివారు చిక్కుకొనిరి. బురద, ఉబుకు నీరు, విఱిగిన యంత్రపు ఇనుము. లోపల మఱల కూలునేమోయను భయము రక్షించువారికి. ఆ మార్చి నెలలో, మనుష్యులను పంపుటకు వెఱవవలసిన చోటికి రోబోటులను రప్పించిరి. ఇట్టి చోటనే రోబోటు ఉండవలెను. మనుష్యుని ప్రాణమునకు బదులు ఇనుము పోవుట మంచిది. కాని రేడియో తరంగము రాతిలో చొరదు. సొరంగము వంపు తిరిగిన తోడనే, ఇనుప శకలములు అడ్డుపడిన తోడనే అది క్షీణించును. అందుచేత గనులలో రేడియోను కొనిపోవుటకు దారి పొడుగున, చిల్లులు గల గొట్టము నీటిని కార్చునట్లు తరంగములను కార్చు కేబులును పఱతురు. కొండ క్రింద పనిచేయు యంత్రమును కొనువారు, అది తీగతో నడచునా యని అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు.

మందు చల్లు డ్రోనులను గుఱించి తల్లిదండ్రులకొక మాట. విషపు మందును వీపున మోసి, ఆ తుంపరను పీల్చుచు చల్లుటకంటె దూరమున నిలిచి చల్లుట నిశ్చయముగా మేలు. 2021 ఆగస్టు 25వ తేదీన ప్రకటింపబడిన డ్రోను నియమముల ప్రకారము ఎత్తు బరువుతో కలిపి 2 కిలోలకు మించి 25 కిలోల వఱకు గలవి చిన్న తరగతివి. పొలములలో కనబడు పది లీటర్ల డ్రోనులు సాధారణముగా ఇందులో చేరును. వాటిని నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండి, పదవ తరగతి తప్పక, శిక్షణ పొంది పత్రము గలిగియుండవలెను. కావున బడి పిల్లవానికి పెట్టె నిచ్చి, “నీకు ఫోను బాగుగ వచ్చును గదా, నడుపుము నాయనా” అనుట చట్టమునకును విరుద్ధము. ఓర్వకల్లు, కడప విమానాశ్రయముల సమీపమున ఎగురవేయుటకు వేఱు అనుమతులు కావలెను. కూలికి వచ్చిన డ్రోనువానిని, తిరిగి వచ్చు ఎత్తు ఎంత పెట్టినాడో, చేని చుట్టు గల చెట్లలోను తీగలలోను అన్నిటికంటె ఎత్తైనదేదో చూచినాడో లేదో అడుగుడు. బిడ్డలను, పశువులను గట్టునకు దూరముగ నుంచుడు. రెక్క తిరుగుచుండగా డబ్బాలో మందు పోయ వచ్చు కూలివాని చేయి పట్టి ఆపుడు.

ప్రదర్శనమునకు బండ్లు చేయు విద్యార్థులు ఈ క్రింది పరీక్షను మా యెదుట చేసి చూపవలెను. బండిని ఇటుక మీద నెక్కించి చక్రములు నేలకు తగులకుండ నుంచుడు. ఫోనుతో పూర్తి వేగమున త్రిప్పుడు. త్రిప్పుచుండగనే ఫోనునందలి బ్లూటూతును ఆపివేయుడు. చక్రములు ఎన్ని సెకనులకు ఆగినవో మఱియొక విద్యార్థి గడియారము చూచి వ్రాయవలెను. ఆగనిచో, బండి ప్రోగ్రాములో కడపటి ఆజ్ఞ వచ్చిన వేళను గుర్తుంచుకొని, అర సెకను దాటినచో మోటారులను ఆపు నాలుగు వరుసలను చేర్చి మఱల రండు. తరువాత బ్లూటూతును మఱల తెఱచి, చక్రములు తమంతట తిరుగుచున్నవేమో చూడుడు. 1234ను మార్చినారా యని మేము వేఱుగ అడిగెదము. క్రొత్త సంఖ్యను మాత్రము మాకును చెప్పవలదు.